తెరచాప పడవలో అట్లాంటిక్ దాటి వచ్చాను: నా అనుభవం

గుంటూరు తిరిగొచ్చి నెల కావస్తోంది. షాపుకి వచ్చేవాళ్లు, చుట్టాలు, మా వీధిలోవాళ్లు, ఎవరు కనిపించినా ముందు అడిగేది "తుఫాను వచ్చిందా?" అనే. రాలేదు. తుఫానుల కాలం పోయాక వెళ్లాలనే నవంబరు చివర్లో బయల్దేరాం. మూడు వారాలు మమ్మల్ని ఏడిపించింది నిద్ర. దాని గురించి ఎవరూ అడగరు. సముద్రం మీద ఆశ ఉన్నవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, మన పాస్‌పోర్టుతో, మన సంపాదనతో ఈ ప్రయాణం ఎలా ఉంటుందో తెలుసుకుంటారని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాకు కొత్తపేటలో మెడికల్ షాపు ఉంది. మా పెదనాన్నగారి అబ్బాయి లిస్బన్‌లో ఉంటాడు. అన్నయ్య, వదిన కలిసి నలభై అడుగుల పాత తెరచాప పడవ ఒకటి కొనుక్కుని కొన్నేళ్లుగా పోర్చుగల్ తీరం వెంట తిరుగుతున్నారు. 2018 మేలో మన నేవీ తెరచాప పడవ ఐఎన్‌ఎస్‌వీ తారిణి మీద ఆరుగురు నేవీ అమ్మాయిలు ప్రపంచం చుట్టి గోవా చేరారు. వాళ్లలో విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాదు అమ్మాయి ఐశ్వర్య ఉన్నారని పేపర్లో చదివిన రోజు నుంచి అన్నయ్య వెంట పడ్డాను. "ముందు పడవ నడపడం నేర్చుకో, తర్వాత చూద్దాం" అన్నాడు. వారాంతాల్లో హైదరాబాదు వెళ్లి హుస్సేన్‌సాగర్‌లో చిన్న పడవల మీద నేర్చుకున్నాను. గాలి ఎటు నుంచి వస్తోందో చెంపకు తెలియడం అక్కడే అలవాటైంది. 2024 వేసవిలో అన్నయ్య ఫోన్ చేశాడు. "ఈ చలికాలం అట్లాంటిక్ దాటుతున్నాం. నాలుగో మనిషి కావాలి."

అమ్మ ఒప్పుకోలేదు. "నీకేం తక్కువైందే? పిల్ల ఇంటరు చదువుతుంటే నువ్వు పోయి సముద్రం మీద పడతానంటావా?" అని నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మా ఆయన ఒక రాత్రంతా ఏమీ అనలేదు. పొద్దున్నే కాఫీ తాగుతూ "షాపు నేను చూసుకుంటాను. రోజూ ఒక్క మెసేజ్ పెట్టు, చాలు" అన్నారు. ఆ మాట లేకపోతే నేను కదిలేదాన్ని కాదు.

కాగితాల పని జూలైలోనే మొదలుపెట్టాను, అయినా చివరిదాకా టెన్షనే. పడవ బయల్దేరేది కానరీ దీవుల్లోని లాస్ పాల్మాస్ నుంచి. అది స్పెయిన్‌ది కాబట్టి షెంగెన్ వీసా, అంటే చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా చెల్లే వీసా కావాలి. హైదరాబాదు వెళ్లి వేలిముద్రలిచ్చి, 90 యూరోల ఫీజు, దాని మీద సర్వీసు చార్జీ కట్టాను. కౌంటర్లో అమ్మాయి నా ఫైలు రెండుసార్లు తిరగేసి "మేడమ్, యూరప్ నుంచి రిటర్న్ టికెట్ లేదే" అంది. విమానంలో దిగి పడవలో వెళ్లిపోయేవాళ్లు ఆవిడకు ఎప్పుడూ తగిలినట్టు లేదు. కెప్టెనుగా అన్నయ్య రాసిచ్చిన ఉత్తరం, పడవ రిజిస్ట్రేషన్, మా పడవ చేరే కరీబియన్ దేశం బార్బడోస్ నుంచి హైదరాబాదుకు టికెట్, అన్నీ జత చేశాను. రెండు వారాలకు ఇంకో కాగితం కావాలన్నారు. అది పంపాక ఇంకో మూడు వారాలు. బిల్లు కొడుతూ కూడా ఫోన్ వంకే చూసేదాన్ని. చివరికి దసరా నవరాత్రుల్లో పాస్‌పోర్టు చేతికొచ్చింది.

బార్బడోస్‌కు మనవాళ్లకు వీసా అక్కర్లేదు, అదొక ఊరట. కానీ నా తిరుగు ప్రయాణం లండన్ మీదుగా. విమానాశ్రయం దాటి బయటికి అడుగు పెట్టకపోయినా, అక్కడ విమానం మారడానికే నాకు ట్రాన్సిట్ వీసా తీసుకోవాల్సి వచ్చింది. మీ టికెట్ ఎటు నుంచి పడుతుందో చూసుకుని, ఆ వీసా సంగతి కనుక్కున్నాకే డబ్బు కట్టండి. ఇన్సూరెన్సు కూడా అంతే. నేను అడిగిన ట్రావెల్ పాలసీలు వేటిలోనూ నడిసముద్రంలో పడవ ప్రయాణం కవర్ కాలేదు. అన్నయ్య అక్కడ పడవలవాళ్ల కోసం ఉండే పాలసీ తీసుకుని అందులో నా పేరు చేర్పించాడు.

సామాను సర్దేటప్పుడు అమ్మ మనసు కరిగింది. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, కరివేపాకు కారం, గింజ తీసిన చింతపండు, అన్నీ రెండేసి కవర్లలో పెట్టి సీలు వేయించింది. నెయ్యి డబ్బా మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. పాల పదార్థాలు యూరప్‌లోకి రానివ్వరని అన్నయ్య ముందే చెప్పాడు. పడవ మందుల పెట్టె బాధ్యత నాది. కాలిన గాయాలకు పూత, కుట్లకు సరిపడా సామాను, యాంటీబయాటిక్స్, వాంతులకు నాలుక మీద కరిగే మాత్రలు, కడలి వికారానికి సినరిజైన్, డబ్బాల కొద్దీ ఓఆర్‌ఎస్ పొట్లాలు. ప్రతి మందుకూ కంపెనీ పేరు కాకుండా అసలు మందు పేరు రాయించి డాక్టరుగారి సంతకంతో ఉత్తరం పట్టుకెళ్లాను. విమానాశ్రయంలో ఆ కాగితం చూపిస్తే ఇంకేమీ అడగలేదు.

నవంబరు 14న లాస్ పాల్మాస్‌లో దిగాను. రేవు నిండా అట్లాంటిక్ దాటడానికి వచ్చిన పడవలే. పడవలన్నీ కలిసి అట్లాంటిక్ దాటే పెద్ద ర్యాలీ ఒకటి 24వ తేదీ ఆదివారం బయల్దేరుతోంది. ఆ హడావుడి తగ్గాక వెళ్దామని అన్నయ్య ముందే అనుకున్నాడు. నాలుగో మనిషిని నేనైతే మూడో మనిషి అన్నయ్య స్నేహితుడు, అరవై దాటిన ఫ్రెంచాయన. వడ్రంగి పని చేసి రిటైరయ్యాడు. మాట తక్కువ, చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉండదు.

ఆ పది పన్నెండు రోజులు పడవలో పనికి అంతులేదు. వదిన ఒక్క అట్టపెట్టె కూడా లోపలికి రానివ్వలేదు. అట్టల మడతల్లో బొద్దింక గుడ్లు ఉంటాయట. అన్నీ గట్టు మీదే విప్పి, పండ్లు, కూరగాయలు కడిగి, నీడన ఆరబెట్టి, వలల్లో వేలాడదీశాం. క్యాబేజీ, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, గుమ్మడికాయ చివరిదాకా నిలుస్తాయి. టమాటాలు పచ్చివే కొనాలి. గుడ్లు ఫ్రిజ్‌లో పెట్టనివి ఎంచుకుని రోజూ తిప్పి పెడుతుంటే మూడు వారాలూ బాగానే ఉన్నాయి. అరటిగెల కట్టాం, సగం ఒకేసారి పండాయి. రెండు రోజులు మూడు పూటలా అరటిపండే తిన్నాం. అన్నయ్య, ఫ్రెంచాయన తెరచాప కట్టే స్తంభం పైదాకా ఎక్కి ప్రతి తాడు, ప్రతి మేకు చేత్తో తడిమి చూశారు.

భారతీయులకు ఒక ముఖ్యమైన విషయం. నేను వెళ్లిన 2024లో, పడవలో వెళ్లిపోతున్నా పాస్‌పోర్టు మీద షెంగెన్ నుంచి బయటికి పోయినట్టు ముద్ర పడాల్సి ఉండేది. రేవు పోలీసుల దగ్గరికి వెళ్లి వేయించుకున్నాను. ముద్ర పడ్డాక గాలి బాగాలేదనో ఇంకోటనో ఆగిపోవడానికి లేదు. అందుకే వాతావరణం చూసుకుని చివరి రోజున వేయించుకున్నాను. యూరప్ పాస్‌పోర్టులున్న మిగతా ముగ్గురికీ ఆ బాధ లేదు.

నవంబరు 26 మంగళవారం, పొద్దున తాళ్లు విప్పాం. దీవుల మధ్య గాలి ఇరుక్కుని ఒక్కసారిగా పెరిగే చోటు ఒకటుంది. ద్వీపం తూర్పు పక్కన విమానాశ్రయం దాటేసరికి పడవ ఒరిగి పరుగెత్తడం మొదలుపెట్టింది. సాయంత్రానికి దీవి దక్షిణం వైపు చేరాక గాలి చప్పగా ఆగిపోయింది, కొండల చాటు. ఇంజను వేసుకుని ఆ చాటు దాటాక ఈశాన్య గాలి దొరికింది. అప్పటినుంచి ఆ గాలే మా వెనక ఉండి తోసింది. ముందు దక్షిణానికి దిగి, తర్వాత పడమటికి తిరగాలి. బార్బడోస్‌కు మొత్తం 2,700 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 5,000 కిలోమీటర్లు. మా పడవ వేగం గంటకు పది కిలోమీటర్ల లెక్క. రాత్రీ పగలూ సైకిలు తొక్కినంత.

బయల్దేరే ముందు రాత్రే సినరిజైన్ మొదలుపెట్టాను కాబట్టి నాకు వాంతులు కాలేదు, కానీ ఆ మాత్రలకు మత్తు ఉంటుంది. మొదటి మూడు రోజులు కళ్లు మూతలు పడుతూనే గడిచాయి. ఫ్రెంచాయన మాత్రలు వద్దన్నాడు. రెండో రోజు ఆయన మొహం తెల్లగా పాలిపోయి గుక్కెడు నీళ్లు కూడా నిలవలేదు. నాలుక మీద కరిగే మాత్ర వేసి, ఓఆర్‌ఎస్ చెంచాతో కొంచెం కొంచెంగా పట్టించాను. మూడో రోజు సాయంత్రం లేచి కూర్చుని, నా చెయ్యి పట్టుకుని తన భాషలో ఏదో అన్నాడు. పెట్టెలో అన్నిటికంటే ఎక్కువ ఖర్చయింది ఆ ఓఆర్‌ఎస్ పొట్లాలే.

ఇక నిద్ర సంగతి. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా నలుగురం మూడేసి గంటలు కాపలా. నా వంతు రాత్రి రెండు నుంచి ఐదు. పడవను గాలితో పనిచేసే చుక్కాని యంత్రం నడిపిస్తుంది. కాపలా మనిషి చుట్టూ చూడాలి, ఓడలు వస్తున్నాయేమో తెరమీద గమనించాలి, గాలి మారితే తెరచాప సరిచెయ్యాలి. వినడానికి తేలిక. తొమ్మిది గంటలు విశ్రాంతి ఉంది కదా అనిపిస్తుంది. ఆ తొమ్మిది గంటల్లో నిద్ర ముక్కలుగానే వస్తుంది. గాలి వెనకనుంచి వస్తే పడవ కుడికీ ఎడమకీ ఊగుతూనే ఉంటుంది, ఒక్క నిమిషం ఆగదు. పక్క మీంచి పడిపోకుండా అడ్డంగా గుడ్డ కట్టి పడుకుంటాం. అయినా ఒళ్లంతా చాటలో బియ్యంలా అటూ ఇటూ జరుగుతూనే ఉంటుంది. మెడ కండరాలు నిద్రలో కూడా పట్టుకునే ఉంటాయి. దానికి తోడు చప్పుళ్లు. చెవి పక్కనే చెక్కకు అవతల నీళ్లు పరుగెత్తే శబ్దం, తాడు కిర్రుమనడం. అలమారలో ఎక్కడో ఒక డబ్బా ఊగినప్పుడల్లా టక్‌మనేది. ఒక రాత్రి టార్చి పట్టుకుని గంటసేపు ఆ టక్‌మనేదేమిటో వెతికాను. ఆవకాయ సీసాకూ మిరియాల సీసాకూ మధ్య అన్నయ్య మేజోడు కుక్కాక ఆగింది.

వారం తిరిగేసరికి నా తల నాది కాదనిపించింది. ఒక మాట మొదలుపెట్టి మధ్యలో మర్చిపోయేదాన్ని. వదిన నీళ్లు మగ్గుతో కొలిచి పోసిందని కళ్లలో నీళ్లు తిరిగాయి. పిల్ల గుర్తొచ్చి ఒక మధ్యాహ్నం ఏడుపు ఆగలేదు. వదిన వచ్చి పక్కన కూర్చుని "మొదటి వారం అందరికీ ఇంతే, పగలు పడుకో, సిగ్గుపడకు" అంది. ఆ మాట విని మధ్యాహ్నం అన్నం తినగానే రెండు గంటలు పడుకోవడం మొదలుపెట్టాను. పదో రోజు దాటాక శరీరం లొంగింది. ఎప్పుడు పడుకుంటే అప్పుడు నిద్ర పట్టేది, రెండుకు అయిదు నిమిషాల ముందు అలారం లేకుండా మెలకువ వచ్చేది. ఎవరైనా వారం రోజుల ప్రయాణం చేసి "సముద్రం నాకు పడదు" అంటే, ఆ కష్టమైన వారమే చూసి వెనక్కి వచ్చేశారని నాకు అనిపిస్తుంది.

వంట గురించి. పడవలో గ్యాస్ స్టవ్ ఊగే చట్రం మీద ఉంటుంది. పడవ ఎటు ఒరిగినా అది సమంగా నిలబడుతుంది. వండే మనిషి నడుముకు బెల్టు కట్టుకుని నిలబడాలి. ఎంత ఉక్కగా ఉన్నా మందపాటి వాన ప్యాంటు వేసుకోవాలి, వేడి నీళ్లు ఒంటి మీద పడితే కాపాడేది అదే. నడిసముద్రంలో అన్నిటికంటే భయపడాల్సిన గాయం కాలడమేనని బయల్దేరేముందే అన్నయ్య నాతో అన్నాడు, మందులు తెలిసినదాన్నిగా నేనూ ఒప్పుకుంటాను. మన ప్రెషర్ కుక్కరు ఆ పడవలో దేవుడిచ్చిన వరం. మూత బిగించి ఉంటుంది కాబట్టి ఎంత ఊగినా ఒలకదు, గ్యాస్ ఆదా. సముద్రపు నీళ్లు ఒక వంతు, మంచినీళ్లు మూడు వంతులు కలిపితే అన్నంలో ఉప్పు వెయ్యక్కర్లేదు. వదిన ఫ్లాస్కులో పాలు తోడుపెట్టేది. తెల్లవారుజామున నా కాపలా అయ్యాక చల్లటి పెరుగన్నంలో గోంగూర నంజుకుని తినడం కోసమే మూడు గంటలు కూర్చున్న రాత్రులు ఉన్నాయి. ఒకరోజు గాలానికి మాహీమాహీ చేప పడింది. నీళ్లలో ఉన్నంతసేపు పచ్చగా, బంగారంలా మెరిసింది, పైకి తియ్యగానే ఆ రంగులు కళ్లముందే వెలిసిపోయాయి. చింతపండు పులుసు పెట్టాను. ఫ్రెంచాయన మూడుసార్లు వడ్డించుకున్నాడు.

మంచినీళ్లు తయారుచేసే యంత్రం మా దగ్గర లేదు. ట్యాంకులో 400 లీటర్లు, విడిగా సీసాలు, నలుగురికి అంతే. గిన్నెలు సముద్రపు నీళ్లతో తోమి చివరిగా కాసిని మంచినీళ్లతో తొలిపేవాళ్లం. స్నానం బకెట్టు ఉప్పునీళ్లు, తర్వాత ఒక లీటరు మంచినీళ్లు. పొడుగు జడతో ఇది కష్టం కాబట్టి లాస్ పాల్మాస్‌లోనే జుట్టు భుజాల దాకా కత్తిరించుకున్నాను. నెలసరికి కప్పు వాడాను. ప్లాస్టిక్ ఏదీ సముద్రంలో పడెయ్యకూడదు, అంతర్జాతీయ చట్టం ఒప్పుకోదు. ప్యాడ్లైతే ఒడ్డు చేరేదాకా ఆ చెత్త పడవలోనే దాచాలి. బాత్రూం చేతిపంపుతో పనిచేస్తుంది. ఆడ, మగ తేడా లేకుండా అందరూ కూర్చునే వాడాలని వదిన మొదటిరోజే చెప్పింది. ఆ ఊపులో నిలబడటం ఎవరివల్లా కాదు.

ఇంటికి రోజూ ఒక మెసేజ్. శాటిలైట్ మెసెంజర్‌లో 160 అక్షరాలే, తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేదాన్ని. డిసెంబరు 2, పోలి పాడ్యమి. అమ్మ సీతానగరం ఘాట్‌లో నా పేరున అరటిదొప్పలో దీపాలు వదిలానని మా ఆయనతో రాయించింది. ఆ తర్వాత రెండు రోజులు ఆయన నుంచి ఏమీ రాలేదు. మూడో రోజు ఒకే ఒక్క వాక్యం: "రాత్రిపూట తాడు కట్టుకునే ఉంటున్నావా?" కారణం ఒడ్డు చేరాకే తెలిసింది. అదే 2వ తేదీన మాకు ముందు వెళ్తున్న ఒక రేసు పడవ నుంచి చీకట్లో ఒక నావికుడు సముద్రంలో పడిపోయాడు. ఎంత వెతికినా దొరకలేదు. మా ఆయన ఆ వార్త ఫోన్లో చూసి, నాకు చెప్పలేక, ఎవరికీ చెప్పుకోలేక రెండు రోజులు షాపులో అలాగే కూర్చున్నారట. ఇలాంటి ప్రయాణంలో ఇంట్లో ఉన్నవాళ్లు మోసే బరువు ఎంతో నాకు అప్పుడు అర్థమైంది.

మా పడవలో రూలు కచ్చితం. చీకటి పడితే లైఫ్ జాకెట్, దానికి కొక్కెం ఉన్న తాడు. గదిలోంచి బయటికి అడుగు పెట్టకముందే ఆ కొక్కెం తగిలించాలి. ఒక్కరే ఉన్నప్పుడు కూర్చునే చోటు దాటి ముందుకు పోకూడదు, పోవాల్సి వస్తే ఇంకొకరిని లేపాలి. గాఢనిద్రలో ఉన్నవాళ్లను లేపడానికి మొహమాటపడకూడదని అన్నయ్య ప్రతి సాయంత్రం చెప్పేవాడు.

రాత్రి కాపలా నాకు భయంగా మొదలై, నా సొంతమైపోయింది. డిసెంబరు 1 అమావాస్య. చుట్టూ ఎక్కడా ఒక్క దీపం లేదు. మృగశిర, రోహిణి పడమటికి వాలుతూ, రోహిణి దగ్గరే గురుగ్రహం, దక్షిణాన కింద అగస్త్యుడు. పడవ వెనక నీళ్లు కదిలినచోటల్లా పచ్చటి మిణుకులు. 4వ తేదీ సాయంత్రం నెలవంక పక్కనే శుక్రుడు, సరిగ్గా మేం పోతున్న దిక్కున. ధ్రువ నక్షత్రం దిగంతం నుంచి ఎన్ని డిగ్రీల ఎత్తులో ఉంటే మనం దాదాపు అన్ని డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నట్టు. బయల్దేరినప్పుడు 28 దగ్గర ఉన్నది రోజురోజుకూ కిందికి దిగింది. ఒక రాత్రి అన్నయ్య కాపలా మార్చుకునేటప్పుడు తెరమీద 16 డిగ్రీల 18 నిమిషాలు చూపించి "ఇదే గుంటూరు" అన్నాడు. మా మేడ మీద నుంచి పిల్లకు నేను ధ్రువుణ్ణి చూపించిన ఎత్తు అదే. ఆ రాత్రి మెసేజ్‌లో పిల్లకు అదే రాశాను.

తుఫాను అడిగేవాళ్లకు చెప్పాల్సింది ఇంకోటుంది. మధ్యలో రెండున్నర రోజులు గాలి ఆగిపోయింది. మొత్తం ప్రయాణంలో నాకు భరించలేనిది అదే. గాలి లేకపోయినా అల ఉంటుంది. పడవ ఊగుతుంది, తెరచాపలో గాలి లేక అది పైనుంచి ఫట్‌మని కొట్టుకుంటుంది, ప్రతి దెబ్బకూ పడవంతా అదురుతుంది. డీజిలు పరిమితం, ఇంజను కొన్ని గంటలే వేశాం. తాడు నడుముకు కట్టుకుని ఒకరి తర్వాత ఒకరం నీళ్లలోకి దిగాం. కింద అయిదు కిలోమీటర్ల లోతు. నీలం రంగు అంత చిక్కగా ఉంటుందని ఏ ఫొటోలోనూ తెలియదు. కాళ్లు కిందికి వదిలాక ఒళ్లు జల్లుమని వెంటనే పైకెక్కేశాను. నీళ్ల విషయంలో ఫ్రెంచాయనకూ అన్నయ్యకూ మాటామాటా వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. గాలి రాగానే ఇద్దరూ మామూలైపోయారు.

రెండో సగంలో వాన మబ్బులు. పగలైతే నల్లటి గోడలా వస్తూ కనిపిస్తాయి. రాత్రి రాడార్‌లో మరకలా తెలుస్తాయి. ఒక రాత్రి మూడున్నరకు ఆ మరక మా మీదికే వస్తోంది. అన్నయ్యను లేపాను. తెరచాప సగానికి చుట్టేలోపే చెవుల్లో హోరు, గాలి 18 నాట్ల నుంచి 34కి ఎక్కింది, అంటే గంటకు అరవై కిలోమీటర్ల పైన. వాన సూదుల్లా. అన్నయ్య చుక్కాని దగ్గర, నేను తాడు దగ్గర. "వదులు, ఇంకా వదులు, పట్టుకో" అని అరుస్తుంటే చేతులు వాటంతటవే పనిచేశాయి. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. మబ్బు వెళ్లాక చూస్తే ఇద్దరం నవ్వుతున్నాం. బకెట్టు నిండా వాన నీళ్లు పట్టి, తెల్లారాక తలంటుకున్నాను. మర్నాటి నుంచి సర్గాసం అనే బంగారు రంగు నాచు చారలు చారలుగా కనిపించింది. చుక్కాని యంత్రానికి చుట్టుకుంటే గంటగంటకూ కర్రతో తియ్యాల్సి వచ్చింది. గాలం మళ్లీ వెయ్యలేకపోయాం.

డిసెంబరు 17 తెల్లవారుజామున నా కాపలాలోనే దిగంతం మీద వెలుగు మసక కనిపించింది. మిగతావాళ్లను లేపలేదు, కాసేపు నేనొక్కదాన్నే చూశాను. దేశంలోకి ఇంకా అనుమతి తీసుకోలేదని తెలిపే పసుపు జెండా ఎగరేసి రేవు చేరాం. ఆరోగ్యం, కస్టమ్స్, ఇమిగ్రేషన్, మూడు చోట్లా కాగితాలు నింపి బయటపడేసరికి మధ్యాహ్నం. నేల మీద అడుగుపెట్టగానే నేల ఊగింది. కౌంటరు పట్టుకుని నిలబడి సంతకం చేశాను. ఆ ఊపు నాలుగైదు రోజులు ఉంది. స్నానాల గదిలో కళ్లు మూసుకుంటే పడిపోతాననిపించేది. అది రోగం కాదు, చెవిలోని తూకం మళ్లీ సర్దుకోవాలి, అంతే. వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోండి.

ఖర్చు ఎంతని చాలామంది అడుగుతున్నారు. విమాన టికెట్లు రానూపోనూ కలిపి లక్షా డెబ్భై వేల దాకా, వీసాలు, హైదరాబాదు తిరుగుళ్లు, ఇన్సూరెన్సు అన్నీ కలిపి నలభై వేలు, వాన బట్టలు, బూట్లు, టార్చి ముప్ఫై అయిదు వేలు, తిండి, డీజిలు, రేవు ఖర్చుల్లో నా వాటా అరవై వేలు. మందులు నా షాపువే. మొత్తం మూడు లక్షల చిల్లర. పడవ సొంతవాళ్లది కాబట్టి ఇంతలో అయింది. అన్నయ్య దగ్గర అద్దె లేదు. డబ్బు తీసుకుని సిబ్బందిగా చేర్చుకునే పడవల్లో దీనికి పైన ఇంకా పడుతుంది. మనిషిని, పడవను చూసుకోకుండా ఎవరితోనూ మూడు వారాలు సముద్రంలోకి వెళ్లకండి. ముందు వాళ్లతో రెండు రాత్రులైనా తీరం వెంట ప్రయాణం చేసి, లైఫ్ జాకెట్లు, ప్రమాద సంకేతం పంపే బీకన్, ప్రాణరక్షక తెప్ప ఎప్పుడు సర్వీసు చేయించారో అడగండి. మంచి కెప్టెను ఆ ప్రశ్నకు నొచ్చుకోడు, తేదీలు చూపిస్తాడు.

పడవ ఇప్పుడు కరీబియన్‌లోనే ఉంది. అక్కడ తుఫానుల కాలం జూన్‌లో మొదలవుతుంది కాబట్టి మేలో అజోర్స్ మీదుగా లిస్బన్ వెళ్తారు. ఆ దారి చలి, గాలి ఎదురు, ఇంకా కష్టం. పిల్లకు అప్పుడు పరీక్షలు అయిపోతాయి. మా ఆయనతో నిన్న రాత్రి మాట్లాడాను. షెంగెన్ వీసాకు ఈసారి ఫిబ్రవరిలోనే అపాయింట్‌మెంట్ తీసుకుంటున్నాను.